ఇసకలో లాగే బండి

యారాడ,
ఆదివారం

అల్లుడూ,

నీ పడవని లాగే బండికి నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. గీత శుభ్రంగా ఉంది. బండికి స్ప్రింగులు పెట్టావు, వెనక ఎర్ర లైటు పెట్టావు, మోటారు సైకిలుకి తగిలించే కొక్కెం కూడా గీశావు. ఇసక ఒక్కటే మర్చిపోయావు. గాజువాక నుంచి సింధియా మీదుగా కొండెక్కి యారాడ దిగేదాకా తారు రోడ్డే, అక్కడ ఏ చక్రమైనా దొర్లుతుంది. రోడ్డు అయిపోయిన చోటు నుంచి నీళ్ల దాకా ఉన్న జాగాలో నువ్వు గీసిన చక్రం ఇరుసు దాకా దిగబడిపోతుంది. ముందు ఆ జాగాకి సరిపోయే బండి కడదాం.

మోటారు సైకిలు ఆలోచన మానెయ్యి. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు బండి లాక్కెళ్లేది ఏదైనా ట్రైలరే, అదీ వాహనం కిందే లెక్క, దానికీ రిజిస్ట్రేషను ఉండాలి. పెరట్లో అతికించినదాన్ని పట్టుకెళ్లి నంబరు ఇమ్మంటే ఏమంటారో నీకే తెలుసు. పోనీ సైకిలుకి కడతానంటావు. కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందంతే, అసలు భయం దిగేటప్పుడు. వెనక ముప్పై, నలభై కిలోల బరువు సైకిల్ని ముందుకు తోస్తుంది. వంపులో బ్రేకు వేస్తే సైకిలు ఆగుతుంది గానీ బండి ఆగదు, వెనక చక్రాన్ని పక్కకి నెట్టేస్తుంది. ఆ ఘాట్ రోడ్డు మీద అది చూడాలని నాకు లేదు. ఒక్కసారి ట్రాలీ ఆటో మాట్లాడుకుని పడవ ఇక్కడికి తెచ్చెయ్యి. మా పెరట్లోనే ఉంటుంది. అప్పుడు నీ బండి చెయ్యాల్సిన ప్రయాణం మా గుమ్మం నుంచి అలల దాకానే.

ఇక చక్రాలు. పాత సైకిలు చక్రాలు చవగ్గా దొరుకుతాయని అందరూ అక్కడే మొదలుపెడతారు. సైకిలు ఇరుసు సన్నం, రెండు వైపులా పట్టుకుంటేనే బరువు ఆపుతుంది. నువ్వు గీసినట్టు ఒకవైపే బిగించి రెండోవైపు గాలికి వదిలేస్తే నాలుగు గతుకులకే వంగిపోతుంది. సైకిలు చక్రమే కావాలంటే ఒక్కో చక్రానికి అటూ ఇటూ పట్టీ ఉండేలా చట్రం కట్టాలి. పైగా ఆ టైరు సన్నం, మెత్తటి ఇసకని కోసుకుంటూ పోతుంది. లావు టైరు వెతుకు. సిమెంటు పనిలో వాడే తోపుడు బండి చక్రం నయం, ఈ మధ్య లావు టైర్ల సైకిళ్లు వస్తున్నాయి, వాటి చక్రం ఇంకా నయం. గాలితో ఉన్నదే కొను, గట్టి రబ్బరుది వద్దు. ఇసకలోకి వచ్చాక గాలి కొంత తీసేస్తే టైరు పరుచుకుని బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. పంపు దగ్గర పెట్టుకో.

ఇరుసు ఎక్కడ పెట్టాలో కొలిచి తెలుసుకో. ఒక దుంగ మీద పడవని అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరిపి, ఎక్కడ సమంగా నిలుస్తుందో సుద్దముక్కతో గుర్తు పెట్టు. తెడ్డు, లైఫ్ జాకెట్టు, నీళ్ల సీసా అన్నీ అందులో పెట్టాకే ఈ పని చెయ్యి. ఇరుసు ఆ గుర్తుకి కాస్త వెనక్కి రావాలి. మొత్తం బరువులో పదో వంతు నీ చేతి మీద పడితే చాలు. ఇరుసు ముందుకొచ్చి బరువు వెనక్కి పోయిందా, బండి తోక ఊపుతూ నిన్నే అటూ ఇటూ ఈడుస్తుంది.

స్టీలు ఊళ్లో ఉన్నాం గనక పైపు కారుచవక అనుకుంటున్నావు. మన ఫ్యాక్టరీలో వచ్చేది రాడ్లు, వైరు రాడ్లు, యాంగిళ్లు, చానెళ్లు. పైపు బయటి నుంచి రావాల్సిందే. ఆటోనగర్‌లో పదహారు గేజి, అంగుళం చదరం పైపు అడుగు, తునక ముక్కలైనా మనకి సరిపోతాయి. జి.ఐ. పైపు తుప్పు పట్టదని ఎవరైనా అంటగడితే, వెల్డింగ్ చేసే ముందు అతుకు దగ్గర జింకు పూత గీకెయ్యాలని గుర్తుపెట్టుకో. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. వెల్డింగ్ పనిలో కొత్త కుర్రాళ్లు ముందు ఈ జ్వరమే తెచ్చుకుంటారు. పైపు చివరలన్నీ మూసెయ్యి. ఉప్పునీళ్లు లోపలికి చేరితే పైన ఎన్ని పూతలు వేసినా లోపలి నుంచి తినేస్తుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, చక్రాలకి గ్రీజు పట్టించు.

మా చిన్నప్పటి తెప్పలు నువ్వు చూసి ఉండవు. దుంగల్ని తాడుతో కట్టి సముద్రంలోకి వెళ్లేవాళ్లు, ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగల్ని విడివిడిగా మోసుకెళ్లి ఎండబెట్టేవాళ్లు. తడి కర్ర బరువు మరి. ఈ బండీ అలాగే విడిపోవాలి. చక్రాలు పిన్ను తీస్తే ఊడిరావాలి, చట్రం రెండు ముక్కలవ్వాలి. నువ్వు నీళ్లలో ఉన్నంతసేపూ బండి ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. చక్రాలు లేని చట్రాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. భీమిలికో రుషికొండకో తీసుకెళ్లాలన్నా ట్రాలీ ఆటోలో మూల పడి ఉంటుంది.

పడవని బెల్టులతో మరీ బిగించొద్దు. ఎండలో ప్లాస్టిక్కు మెత్తబడి సొట్ట పడుతుంది. కింద పాత ట్యూబు ముక్కలు పరుచు. పెరట్లో ఉన్నప్పుడు మాత్రం గోడకి గట్టిగా కట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి రేకులే ఎగిరిపోయాయి, పాతిక కిలోల పడవ దానికో లెక్కా!

జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. గూళ్లు పొడి ఇసకలో ఉంటాయి, పైకి కనపడవు. ఆ నెలల్లో బండిని ఒడ్డు పొడుగునా తిప్పకు, తిన్నగా నీళ్ల వైపు దిగి తడి ఇసక మీదే నడువు. ఇంకోటి, యారాడ అల చూడ్డానికి బాగుంటుంది గానీ ఒడ్డు మీదే విరుగుతుంది, వెనక్కి లాగే లాగుడు ఎక్కువ. స్నానానికి దిగి పోయినవాళ్ల కబురు ఎన్నిసార్లు విన్నామో! ముందు రుషికొండలో నేర్పేవాళ్ల దగ్గర అద్దె పడవ నడుపు. పడవ బోర్లాపడితే మళ్లీ ఎక్కడం వచ్చాకే ఇక్కడ దిగుదువు గాని, అదీ పొద్దున్నే, గాలి లేవకముందు, జాలరి కుర్రాడెవరైనా ఒడ్డున ఉన్నప్పుడు.

వచ్చే ఆదివారం రా. పడవ అడుగు వెడల్పు మూడు చోట్ల కొలిచి రాసుకురా, చక్రాలు తెచ్చుకో. మొదట టాకాలే వేద్దాం. పడవ ఎక్కించి ఇసకలో లాగి చూసి, ఎక్కడ వంగిందో అక్కడ మార్చాకే పూర్తి వెల్డింగ్. రంగు డబ్బా ఇప్పుడే కొనకు.

మీ మావయ్య