పిగ్మీ ఊసరవెల్లుల జంటకు ఎలాంటి పెట్టె కావాలి?

టాంజానియా తూర్పు కొండల అడవుల్లో రాలిన ఆకుల మధ్య, పొట్టి పొదల్లో బతికే గడ్డపు పిగ్మీ ఊసరవెల్లి వేలెడంత ఉంటుంది; మహా అయితే 8 సెంటీమీటర్లు. చెట్లెక్కే పెద్ద ఊసరవెల్లులకు వాడే జాలీ పంజరంలో తేమ నిలవదు కాబట్టి అది దీనికి పనికిరాదు. పైన జాలీ మూత ఉన్న, 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పుల గాజు పెట్టె ఒక మగ, ఒకటి రెండు ఆడ జీవులకు చాలు. రెండు మగవాటిని కలిపి ఉంచితే పోట్లాట తప్పదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది నేల మీద. ఆడది మట్టి తవ్వి గుడ్లు పెడుతుంది కాబట్టి ఎరువులు, పురుగుమందులు తగలని మట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి 8–10 సెంటీమీటర్ల మందాన పరవాలి. అది తడిగా ఉండాలి గాని బురద కాకూడదు. పైన ఎండుటాకులు, సన్నని పుల్లలు, చిన్న మొక్కలు పెట్టాలి.

ఉష్ణోగ్రత 20–24 డిగ్రీల మధ్యే ఉండాలి. మన వేసవిలో ఏసీ లేని గదిలో వీటిని పెంచాలనుకోవడం క్రూరత్వమే. ఉదయం, సాయంత్రం నీటి తుంపర్లు చల్లాలి. ఆకులపై నిలిచిన చుక్కలే వాటి తాగునీరు. పండు ఈగలు, చిన్న కీచురాళ్లకు కాల్షియం పొడి అద్ది వేయాలి.

గుడ్లను కదిలిస్తే తలకిందులు చేయకూడదు. పొదగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. పిల్లలను వేరే పెట్టెలోకి మార్చడం మేలు.

వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ జాతి ఉంది. భారత్‌లో పెంచేవారు ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి.