న్యాయమా, ప్రతీకారమా? – ‘నిశాంత్’ చిత్రంపై ఒక పరిశీలన

న్యాయస్థానాలకు సంబంధించి తెలుగువారు వాడే మాటలలో అనేకం ఉర్దూ ద్వారా మనకు సంక్రమించినవే. ఫిర్యాదు, వకీలు, అదాలతు, జామీను, మున్సిఫు – ఇవి ఆర్మూరు ప్రాంతంలో అక్షరజ్ఞానం లేని రైతుకు సైతం పరిచితమైన పదాలు. వీటిలో ‘మున్సిఫు’ అనే మాటకూ, న్యాయమనే అర్థంలో ఉర్దూలో వాడే ‘ఇన్సాఫ్’ అనే మాటకూ ధాతువు ఒక్కటే. అరబ్బీలో ‘సగం’ అనే అర్థమిచ్చే ‘నిస్ఫ్’ కూడా ఆ ధాతువునుండి పుట్టినదే. కావున ఉభయపక్షాల మాటనూ సమంగా ఆలకించేవాడే మున్సిఫు అని మనం అన్వయించుకోవచ్చు. ఈ అర్థాన్ని గీటురాయిగా స్వీకరించి, తెలంగాణ పల్లెను ఇతివృత్తంగా గ్రహించిన ఒక వాస్తవిక చలనచిత్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

శ్యాం బెనెగల్ దర్శకత్వంలో 1975లో రూపొందిన హిందీ చిత్రం ‘నిశాంత్’. బెనెగల్ 1934లో సికింద్రాబాదు చెంతనున్న తిరుమలగిరిలో జన్మించి, నిజాం కళాశాలలో విద్యాభ్యాసం చేసి, 2024 డిసెంబరు 23న ముంబయిలో కన్నుమూశారు. ఈ చిత్రానికి మరాఠీ నాటకకర్త విజయ్ తెండూల్కర్ చిత్రానువాదం సమకూర్చగా, గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణం నిర్వహించారు. ఇది ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. 1976లో కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. కథాకాలం 1945. ఆ మరుసటి సంవత్సరం జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం, రైతాంగ పోరాటం తెలంగాణ అంతటా ప్రజ్వరిల్లడం చరిత్ర. అనగా, ఈ చిత్రం ఆ అగ్నికి ముందటి ఉక్కపోతను చూపుతుంది.

ఒక గ్రామానికి బడిపంతులు కొత్తగా వస్తాడు. ఆ ఊరికి జమీందారు ‘అన్న’. ఆయన తమ్ములకు అడ్డు చెప్పేవారు లేరు. కడగొట్టు తమ్ముడు విశ్వం భీరువు, వివాహితుడు. అతని కన్ను పంతులు భార్య సుశీలపై పడుతుంది. ఒక రాత్రి ఆమెను ఇంటినుండి ఎత్తుకుపోయి గడీలో నిర్బంధిస్తారు. ఊరు చూస్తుంది, కాని పలకదు. గిరీష్ కర్నాడ్ పోషించిన ఆ పంతులు పోలీసులను, వకీలును, అధికారులను వరుసగా ఆశ్రయిస్తాడు. ఎక్కడా ఎవరూ అది అన్యాయం కాదనరు. అయినా ఎవరూ కదలరు.

ఈ నిష్క్రియకు కారణాన్ని విద్యార్థులు చరిత్రలో వెదకాలి. నైజాము పాలనలో గ్రామంలో శిస్తు వసూలుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారి ఉండేవారు. ఇవి వంశపారంపర్యపు పదవులు. దొర కనుసన్నలలో మెలిగే పటేలే ప్రభుత్వానికి ఊరిలో కన్నూ చెవీ అయినప్పుడు, దొరపై ఫిర్యాదు ఊరి పొలిమేర దాటడమే దుర్లభం. ఈ వంశపారంపర్యపు పదవులు ఆంధ్రప్రదేశ్‌లో 1984లో గాని రద్దు కాలేదు.

అన్ని తలుపులూ మూసుకున్న పిమ్మట, గుడి పూజారి సహాయంతో పంతులు గ్రామస్థులను మేల్కొలుపుతాడు. ఉత్సవ సమయంలో ఊరు తిరగబడుతుంది. అన్న హతుడవుతాడు. ఇక్కడే కథ ముగిసి ఉంటే ప్రేక్షకులు చప్పట్లు కొట్టి తృప్తిగా ఇళ్లకు వెళ్లేవారు. బెనెగల్ ఆ తృప్తిని మనకు దక్కనివ్వలేదు. గుంపు అన్నతో ఆగలేదు. ఏ పాపమూ ఎరుగని విశ్వం భార్య రుక్మిణి కూడా ఆ ఆగ్రహానికి ఆహుతి అవుతుంది. విశ్వం సుశీలను వెంటబెట్టుకొని గుట్టలలోకి పారిపోగా, గుంపు తరిమి ఇద్దరినీ చంపుతుంది. ఎవరికోసం ఊరు లేచిందో, ఆమే ఊరి చేతిలో మరణిస్తుంది.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. సుశీలను ఎత్తుకుపోయినవారు ఆమెను అడగలేదు. అధికారులు ఆమె వాఙ్మూలం కోరలేదు. కడకు ఆమె పేరున లేచిన గుంపు సైతం ఆమె మాట వినలేదు. గుడిలో భర్త ఎదురైనప్పుడు ఆమె అతని అసమర్థతను నిలదీసిన ఘట్టం ఒక్కటే ఆమె గొంతు స్పష్టంగా వినిపించే చోటు. వినడమే న్యాయానికి ప్రాణమైతే, ఈ కథలో దౌర్జన్యమూ, చట్టమూ, తిరుగుబాటూ మూడూ ఒకే లోపం కలవి.

అదే 1975లో వెలువడిన ‘షోలే’ను దీనితో పోల్చి చూడవచ్చు. అమెరికన్ కౌబాయ్ చిత్రాల ఛాయలుగల ఆ చిత్రంలో మాజీ పోలీసు అధికారి ఠాకూరు పగ తీర్చుకోవడానికి ఇద్దరు దొంగలను నియోగిస్తాడు. తొలుత చిత్రీకరించిన ముగింపులో ఠాకూరు గబ్బర్‌ను స్వయంగా చంపుతాడు. సెన్సారు అభ్యంతరంతో, పోలీసులు వచ్చి గబ్బర్‌ను బంధించినట్లు మార్చారు. ఏ ముగింపైనా ‘షోలే’లో దోషి ఎవరన్న సందేహం ప్రేక్షకునికి కలుగదు. జీవితంలో ఆ సౌలభ్యం లేదు.

1943లో విలియం వెల్మన్ తీసిన ‘ది ఆక్స్‌బో ఇన్సిడెంట్’ అనే అమెరికన్ చిత్రం ఈ సత్యాన్నే చెప్పింది. పశువుల ఆసామిని ఎవరో చంపారన్న వార్త విని నెవాడాలోని ఒక ఊరివారు గుర్రాలెక్కి బయలుదేరుతారు. దారిలో నిద్రిస్తున్న ముగ్గురిని పట్టుకుంటారు. విచారణకు అప్పగించమని కొందరు వేడుకున్నా, అధిక సంఖ్యాకుల అభీష్టం మేరకు ముగ్గురినీ ఉరితీస్తారు. తిరుగుదారిలో షెరీఫ్ ఎదురై, ఆ ఆసామి చావనే లేదని చెబుతాడు. ఓట్లు లెక్కించారే గాని సాక్ష్యాలు పరీక్షించలేదు.

ఇవి దూరపు కథలని భావించరాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతులు ఫోన్లలో వ్యాపించి, తెలంగాణలో అమాయకులు గుంపుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది జూలై 17న సుప్రీంకోర్టు మూకహత్యల నివారణకు ప్రభుత్వాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరు 6న ‘దిశ’ కేసు నిందితులు నలుగురు షాద్‌నగర్ సమీపంలో పోలీసు కాల్పులలో మరణించినప్పుడు జనం పూలు చల్లారు. ఆ నిందితులను చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక తేల్చినట్లు 2022లో లోకానికి వెల్లడయింది. ఆ యువతికి జరిగినది ఘోరాతిఘోరం. కాని దోషులు వారేనని న్యాయస్థానంలో రుజువు కావలసిన అవకాశం ఆ తూటాలతో శాశ్వతంగా పోయింది.

మన జిల్లా గ్రామాభివృద్ధి కమిటీలనే తీసుకోండి. అవి సొంత నిధులతో ఊళ్లకు మేలుచేసిన మాట వాస్తవం. కాని కొన్నిచోట్ల అవే జరిమానాలు విధించి, చెల్లించనివారిని, ఎదురాడినవారిని సాంఘికంగా బహిష్కరించిన సంఘటనలూ ఉన్నాయి. బహిష్కృతునికి అంగడిలో సరుకు దొరకదు, పొలానికి కూలి రాడు. ఇక్కడ రక్తం చిందదు. అయినా ఫిర్యాదీ, న్యాయాధిపతీ, శిక్ష అమలుపరచేవాడూ ఒక్కరే. చట్టం వారికి ఆ అధికారం ఇవ్వలేదు.

“అయితే పంతులు ఏమి చేయవలసింది?” అని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. మొదటి దోషం తలుపులు మూసినవారిదే. ఊరు ఏకమై గడీ ద్వారాలు తెరిపించి సుశీలను విడిపించి ఉంటే, అది ప్రతిఘటన అయ్యేది. దోషినీ నిర్దోషినీ వేరుచేయక నరకడంతో అది ప్రతీకారంగా పతనమైంది. ఈ రెంటి మధ్యగల భేదాన్ని గ్రహించడమే ఈ చిత్రాన్ని అధ్యయనం చేయడంలోని ప్రయోజనం.

తలుపులు మూసి ఉన్నచోట వాటిని తెరిపించే యత్నం చేయాలి. రాజ్యాంగంలో 1976లో చేర్చిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా నిర్దేశించింది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం లభిస్తుంది. ఈ సంగతి తెలియని కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. చదువుకున్న మీరు వారికి ఒక దరఖాస్తు వ్రాసిపెట్టినా చాలు.

‘నిశాంత్’ అనగా రాత్రి ముగియుట. 1945 నాటి ఆ పల్లెలో దొర మరణించాడు గాని, సుశీలకు తెల్లవారలేదు. ఎవరినైనా శిక్షించాలని నలుగురూ కేకలు వేస్తున్నచోట మీరు ఉండటం తటస్థిస్తే, ఆ మనిషి చెప్పేది ఎవరైనా విన్నారా అని అడగండి.