సంచి నిండేలోపే కడుపు నిండాలి

అక్టోబర్ 31న, హాలోవీన్ సాయంత్రం, అమెరికాలో పిల్లలున్న ఇంట అన్నం సజావుగా దిగదు. ఐదు కాకముందే వేషాలు మొదలవుతాయి. వీధిలో పిల్లల గుంపుల సందడి చెవిన పడ్డాక వాళ్ళను కంచం ముందు కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. ఖాళీ కడుపుతో సంచి పట్టుకుని ఇంటింటా మిఠాయిలు అడగడానికి వెళ్ళిన పిల్ల నాలుగో ఇంటి మెట్లు దిగకముందే చాక్లెట్ రేపర్ విప్పుతుంది. తొమ్మిదింటికి కడుపునొప్పి అంటుంది. పదింటికి నిద్ర పట్టదు, మర్నాడు బడి ఉంటుంది.

అందుకే హాలోవీన్ చిరుతిళ్ళ గురించి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. వాటిని మిఠాయిలకు పోటీగా చేయకండి, ఆ పూట భోజనంగా చేయండి. క్యారెట్‌ను మంత్రగత్తె వేలిలా చెక్కినంత మాత్రాన పిల్లలు చాక్లెట్ మరిచిపోరు. మరిచిపోవాలని కోరుకోవడం కూడా అన్యాయమే, ఏడాదికొక్క పండగ కదా. కానీ ఐదింటికల్లా కంచంలో మమ్మీలు, గబ్బిలాలు కనబడితే వేషం వేసుకున్నవాడు కూడా వచ్చి కూర్చుంటాడు. నాలుగు తిని కదులుతాడు. ఆ సాయంత్రానికి మనం సాధించాల్సింది అంతే.

రెండేళ్ళు దాటిన పిల్లలు రోజుకు 25 గ్రాములకు, అంటే దాదాపు ఆరు చెంచాలకు మించి విడిగా కలిపిన చక్కెర తినకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో సూచించింది. రెండేళ్ళలోపు వాళ్ళకు అసలే వద్దంది. హాలోవీన్ నాడు ఈ లెక్క నిలబడదు. ఒక్కరోజుకు కొంప మునిగేదీ లేదు. అయితే తీపి ఎలాగూ వీధిలోంచి వస్తున్నప్పుడు మన వంటింట్లో కూడా దయ్యపు కుకీలు, సాలీడు కప్‌కేకులు చేసి కూర్చోవడం దేనికి? ఆ రోజు ఇంట్లో చేసేవన్నీ ఉప్పూ కారాలవే కానివ్వండి.

భయపెట్టే బొమ్మలు మనకేమీ కొత్త కాదు. కొత్త ఇంటికి, కొత్త కొట్టుకి మనవాళ్ళు బూడిద గుమ్మడికాయ వేలాడదీసి దాని మీద కోరలు, మీసాలు, ఉరిమే కళ్ళు వేయిస్తారు. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. అక్కణ్ణుంచి అమెరికా వలస వచ్చినవాళ్ళకు ఇక్కడ పెద్ద పెద్ద గుమ్మడికాయలు దొరికాయి, తొలవడానికి అవే తేలికయ్యాయి. దయ్యం లోపలికి రాకుండా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిన వీధుల్లో పెరిగినవాళ్ళే ఇప్పుడు డాలస్‌లో, న్యూజెర్సీలో తలుపు తీసి మరీ దయ్యాలకు చాక్లెట్లు పంచుతున్నారు. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే తేదీన పడితే మతాబులు, మమ్మీలు ఒకే గుమ్మంలో కనిపించాయి.

అయితే సరదా భయం ఎక్కడ ఆగి నిజం భయం ఎక్కడ మొదలవుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. కంచంలోంచి రెండు కళ్ళు చూస్తుంటే మూడేళ్ళ పిల్లకు ముద్ద దిగకపోవచ్చు. ఎనిమిదేళ్ళవాడికి రక్తం లేకపోతే అది హాలోవీనే కాదు. ఇంట్లో ఇద్దరూ ఉంటే కళ్ళు, రక్తం ఆఖర్న పెట్టండి. చిన్నదానికి నవ్వే గుమ్మడి మొహం, పెద్దవాడికి తెగిన వేలు. ‘తినకపోతే బూచాడొస్తాడు’ అనే మాట మాత్రం ఆ ఒక్కరోజైనా మానండి. ఆ సాయంత్రం బూచాళ్ళు నిజంగానే వచ్చి తలుపు తడతారు.

ఇక వంట సంగతి. వేయించేవన్నీ ఎయిర్ ఫ్రయర్‌లోనే. ఎయిర్ ఫ్రయర్ పేరులో ఫ్రై ఉంది గానీ నిజానికి అదొక చిన్న ఓవెన్. పైనున్న కాయిల్ వేడిని ఫ్యాన్ బుట్ట అంతటా గిరగిరా తిప్పుతుంది. ఆ గాలి తగిలిన చోటే కరకరలాడుతుంది కాబట్టి ముక్కలు ఒక వరసలోనే పరవాలి. గుట్టగా పోస్తే ఉడుకుతాయి, వేగవు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన నగెట్లు ఎయిర్ ఫ్రయర్‌లో పడినంత మాత్రాన ఆరోగ్యం అయిపోవు. నూనె కొంత తగ్గుతుందేమో గానీ అందులోని ఉప్పు, మైదా అలాగే ఉంటాయి.

గింజలతో మొదలుపెడదాం. గుమ్మడికాయ తొలిచినప్పుడు గుజ్జుతో పాటు గింజలను కూడా చెత్తబుట్టలో వేసేస్తుంటారు. వాటిలో మాంసకృత్తులు, మెగ్నీషియం, జింక్ ఉంటాయి. గిన్నెడు నీళ్ళలో వేసి పిసికితే పీచు విడిపోయి గింజలు పైకి తేలతాయి. ఈ పని పిల్లలకు అప్పగించండి. చేతులు జిగురుగా అవుతుంటే వాళ్ళకు అంతకన్నా ఆనందం లేదు. ఆ గింజలను ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉడకనిచ్చి, వడకట్టి, గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టండి. చెంచాడు నూనె, కాస్త పసుపు, చిటికెడు కారం పట్టించి 350 డిగ్రీల వేడిలో పది పన్నెండు నిమిషాలు ఉంచండి, మధ్యలో రెండు మూడుసార్లు బుట్ట కుదపండి. దించిన వెంటనే కరివేపాకు పొడి చల్లితే ముందు పెద్దవాళ్ళే ఖాళీ చేస్తారు. (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. 350 అంటే సెల్సియస్‌లో దాదాపు 175.) నాలుగేళ్ళలోపు పిల్లలకు ఈ గింజలు పెట్టకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. చెక్కడానికి అమ్మే పెద్ద కాయలో నీరు, పీచు ఎక్కువ, రుచి తక్కువ. పులుసు పెట్టాలనుకుంటే పై పంప్‌కిన్ అనే చిన్న కాయ వేరే కొనుక్కోండి. దీపం పెట్టి గుమ్మం ముందు ఉంచిన కాయను తర్వాత వండొద్దు.

గబ్బిలాలకు మన రాగిపిండిని మించింది లేదు. నల్లరంగు సీసా అక్కర్లేకుండానే ముదురు గోధుమరంగు వస్తుంది. రాగిపిండి, గోధుమపిండి సమంగా తీసుకుని ఉప్పు, వాము, రెండు చెంచాల నూనె వేసి వేడినీళ్ళతో గట్టిగా కలపండి. పలచగా వత్తి గబ్బిలం ఆకారపు కుకీ కట్టర్‌తో కోయాలి. పొంగకుండా ఫోర్క్‌తో గాట్లు పెట్టి, పైన నూనె రాసి 350 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు. మొదటి వాయి దగ్గరే నిలబడి చూడండి, పలచటివి గబుక్కున మాడతాయి. మరీ తేలికైతే ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్‌కు అతుక్కుంటాయి, పైన చిన్న వైర్ ర్యాక్ పెడితే కదలవు. రెండు రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు. చేసే తీరిక లేనివాళ్ళు బ్లూ కార్న్ టోర్టియాలు కొని అదే కట్టర్‌తో కోసుకున్నా సరిపోతుంది.

పిల్లలకు అన్నిటికన్నా నచ్చేవి మమ్మీలు. ఇక్కడి ఇళ్ళలో వాటికి డబ్బాలో వచ్చే క్రెసెంట్ రోల్ పిండి, సాసేజ్ వాడతారు. మనింట్లో రోజూ ఉండే చపాతీ పిండి చాలు. చిన్న తీపి క్యాప్సికమ్‌లను నిలువుగా రెండుగా చీల్చి గింజలు తీసేయండి. ఉడికించిన బంగాళదుంప, బఠాణీ, తురిమిన పనీర్ కలిపిన కూర కూరండి. చపాతీని పావు అంగుళం పట్టీలుగా కోసి, కట్టు కట్టినట్టు అడ్డదిడ్డంగా చుట్టాలి, కళ్ళకు కాస్త జాగా వదలాలి. ఇక్కడ నీటుగా చుట్టిన పెద్దవాళ్ళ మమ్మీ కన్నా వంకరటింకరగా చుట్టిన పిల్లల మమ్మీయే బాగా భయపెడుతుంది, కాబట్టి సరిదిద్దకండి. పైన నూనె రాసి 360 డిగ్రీల్లో ఎనిమిది నుంచి పది నిమిషాలు. దించాక చిన్న పెరుగు చుక్క పెట్టి దాని మీద ఆలివ్ ముక్క అంటిస్తే కన్ను తయారు. మిరియం పెట్టమని కొందరు చెబుతారు, కొరికిన పిల్ల ఏడుపు మీరే ఆపుకోవాలి. మాంసాహారులు పనీర్ బదులు ముందే పూర్తిగా వండిన కైమా కూరుకోవచ్చు. పచ్చి కైమా కూరి ఎయిర్ ఫ్రయర్‌లో ఉడుకుతుందని నమ్మకండి. కోడిమాంసం లోపల 165 డిగ్రీలకు చేరాలి, పైన చపాతీ అంతకన్నా ముందే మాడిపోతుంది.

తెగిన వేళ్ళకు బేబీకార్న్ పుట్టుకతోనే సిద్ధం. నూనె, ఉప్పు, కారం, కొద్దిగా బియ్యప్పిండి పట్టించి 380 డిగ్రీల్లో పది నిమిషాలు వేయించి, కొసన గోరులా పచ్చటి గుమ్మడిపప్పు గుచ్చండి. చాలామంది బాదంపప్పు వాడతారు, గుమ్మడిపప్పు ఎందుకన్నానో కింద చెబుతాను. జారుగా కలిపిన శనగపిండిలో ముంచి బజ్జీల్లా వేద్దామని మాత్రం చూడకండి. కాగిన నూనెలో పిండి పడగానే గట్టిపడుతుంది, ఎయిర్ ఫ్రయర్‌లో గట్టిపడేలోపే జారి బుట్ట అడుక్కి చేరుతుంది. బజ్జీ తినాలనిపిస్తే మూకుట్లోనే వేసుకోండి.

బంగాళదుంప చక్రాలకు స్ట్రాతో కళ్ళు, నోరు తొలిస్తే దయ్యం మొహాలవుతాయి. కోసిన ముక్కలను పావుగంట నుంచి అరగంట నీళ్ళలో నానబెట్టి, తుడిచి, లేత బంగారు రంగు రాగానే దించేయండి. ఎక్కువ వేడిలో ముదురుగా వేగిన దుంపల్లో ఆక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుంది, నానబెట్టడం, మాడనివ్వకపోవడం రెండూ దాన్ని తగ్గిస్తాయి. పచ్చి దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకూడదన్నది కూడా అందుకే. నారింజ రంగు చిలగడదుంపను గుమ్మడి ఆకారంలో కోస్తే ఇంకా మంచిది, విటమిన్ ఎకు అదొక గని.

రక్తం కావాలంటే కారం తగ్గించిన టమాటా పచ్చడి, లేదా ఉడికించిన బీట్‌రూట్ మెత్తగా రుబ్బి కలిపిన పెరుగు. ఎర్ర రంగు సీసా మానేయడానికి ఇది మంచి సమయం కూడా. రెడ్ నంబర్ 3 రంగును ఆహారంలో వాడే అనుమతిని అమెరికా ఎఫ్‌డీఏ 2025 జనవరిలో రద్దు చేసింది. కంపెనీలకు 2027 జనవరి దాకా గడువిచ్చింది. బీట్‌రూట్ బాగా తిన్న పిల్లలకు మర్నాడు మూత్రం ఎర్రగా రావచ్చు, కంగారుపడి డాక్టరుకు ఫోన్ చేయకండి.

మెషిన్‌తో కొన్ని జాగ్రత్తలున్నాయి. బుట్ట లాగడం, దించడం పెద్దవాళ్ళ పని. కోయడం, చుట్టడం, కళ్ళు పెట్టడం పిల్లల పని. వేషాల వేలాడే చేతులు, కేప్‌లు వంటింట్లోకి రాకముందే వంట ముగించండి. వెనక నుంచి వేడిగాలి వస్తుంది కాబట్టి గోడకు ఆనించకూడదు. బేకింగ్ పేపర్ వేస్తే దాని మీద బరువు ఉండాలి, ఖాళీ పేపర్ పెట్టి వేడి చేస్తే ఎగిరి కాయిల్‌కు తగిలి అంటుకోవచ్చు. నాన్‌స్టిక్ బుట్టకు స్ప్రే డబ్బా నూనెలు పడవు, బ్రష్‌తో రాస్తే చాలు. పదిమంది పిల్లలు వస్తున్నారంటే చిన్న బుట్టలో నాలుగైదు వాయిలవుతాయి. గింజలు, గబ్బిలాలు ముందురోజే చేసుకుని, మమ్మీలను మాత్రం అప్పటికప్పుడు వేయండి.

వచ్చే పిల్లల తల్లులను ముందే ఒక మాట అడగండి, ఎవరికి ఏం పడదో. బాదం గోళ్ళు వద్దన్నది అందుకే. మన పొడుల్లో పల్లీ, నువ్వులు, జీడిపప్పు ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటాయి. అమెరికా చట్టం ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాలన్న ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో 2023 నుంచి నువ్వులు కూడా చేరాయి. నాలుగేళ్ళలోపు వాళ్ళుంటే ద్రాక్షపళ్ళు, సాసేజ్‌లు గుండ్రంగా కాక నిలువుగా చీల్చి పెట్టండి. పాప్‌కార్న్, గట్టి శనగలు అసలే వద్దు.

ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక సంగతి. ఎంత బాగా కుదిరినా మీరు చేసిన గబ్బిలాలను తలుపు తట్టే పిల్లలకు పంచకండి. సీలు వేసిన ప్యాకెట్ కానిది తెలియని ఇంటి నుంచి వస్తే ఇక్కడి తల్లిదండ్రులు పారేస్తారు, దాన్ని అవమానంగా తీసుకోకండి. చాలా బడుల్లో కూడా పార్టీకి కొన్నవే తెమ్మంటారు. అలర్జీ ఉన్న పిల్లల కోసం గుమ్మం ముందు నీలాకుపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టే అలవాటు 2014 నుంచి దేశమంతా వ్యాపించింది. తిండి కాకుండా స్టిక్కర్లో, పెన్సిళ్ళో కూడా ఇస్తామని దాని అర్థం. మీరూ ఒకటి పెట్టండి.

తిరిగొచ్చాక సంచి తెరిచి చూసి, ఆ రాత్రికి నచ్చినవి కొన్ని తిననివ్వండి. మిగతావి రోజంతా చప్పరించేలా కాకుండా భోజనం తర్వాత ఇవ్వండి, అప్పుడు నోట్లో ఊరే లాలాజలం పళ్ళకు కొంత రక్ష. వేషం విప్పకుండా నిద్రపోయినా సరే, పళ్ళు తోమించి పడుకోబెట్టండి.