సోమేశ్వరుడి గుడి - సముద్రపు గుంటలు

పెద్ద అంబర్‌పేటకు సముద్రం చాలా దూరం. సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారి విశాఖపట్నంలో దిగుతారు. దారి సుమారు 700 కిలోమీటర్లు. పొదుపు సంఘం ఆడవాళ్ళు పదిమంది కలిసి ఆ దారిన పోయారు. ఒక అవ్వ తన మనుమరాలిని కూడా వెంట తీసుకుపోయింది. వాళ్ళలో చాలామంది సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు.

మొదటి రోజు సింహాచలంలో అప్పన్న దర్శనం అయ్యింది. మరునాడు పున్నమి. ఆ రోజు అప్పికొండకు బయలుదేరారు. గాజువాక దాటి, ఉక్కు ఫ్యాక్టరీ దాటి పోతే అప్పికొండ వస్తుంది. అక్కడ సముద్రం ఒడ్డునే సోమేశ్వరస్వామి గుడి ఉంది. చాలా పాత గుడి. గుడి దగ్గర నిలబడితే అలల చప్పుడు వినిపిస్తుంది.

వాళ్ళు పోయేసరికి పొద్దున తొమ్మిది దాటింది. అలలు వచ్చి రాళ్ళను కొడుతున్నాయి. దర్శనం చేసుకున్నారు. వెంట తెచ్చుకున్న పులిహోర తిన్నారు. మూడు గంటలకు మళ్ళీ ఒడ్డుకు వచ్చారు. చూస్తే నీళ్ళు వెనక్కి పోయాయి. పొద్దున కనిపించని రాళ్ళన్నీ బయటపడ్డాయి.

"గిదేంది బిడ్డా? సముద్రం ఎండిపోతదా?" అని అడిగింది అవ్వ.

అక్కడ వల బాగు చేసుకుంటున్న జాలరి నవ్వాడు. "ఎండిపోదమ్మా. నీరు తీసింది. మళ్ళీ ఎక్కుతాది" అన్నాడు.

నీళ్ళు పైకి ఎక్కడాన్ని పోటు అంటారు. వెనక్కి తీయడాన్ని ఆటు అంటారు. బతుకులో ఆటుపోట్లు అని మనం అంటాం కదా, ఆ మాట సముద్రం నుంచి వచ్చిందే. రోజుకు సుమారుగా రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి.

నీళ్ళు తీసినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో కొంత నీరు ఆగిపోతుంది. మనుమరాలు ఒక గుంట దగ్గర కూర్చుంది. మొదట ఏమీ కనిపించలేదు. కదలకుండా చూసింది. అప్పుడు ఒక గుల్ల నడిచింది! గుల్ల ఎట్లా నడుస్తుంది? లోపల చిన్న పీత ఉంది. పీత అంటే మన ఎండ్రికాయే. ఈ రకం పీతకు వెనక భాగం మెత్తగా ఉంటుంది. అందుకని చచ్చిన నత్త వదిలిన గుల్లలో దూరి బతుకుతుంది. తాను పెరిగితే ఇంకా పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. అంటే ఒడ్డున పడి ఉన్న ఖాళీ గుల్ల కూడా ఎవరో ఒకరికి కావలసిన ఇల్లే.

ఇంకో గుంటలో పువ్వు లాంటిది ఒకటి రాతికి అంటుకొని ఉంది. అది మొక్క కాదు, జంతువు. దాని రేకుల్లో కుట్టే గుణం ఉంటుంది. దగ్గరికి వచ్చిన చిన్న చేపను పట్టి తింటుంది. ముట్టుకుంటే ముడుచుకుపోతుంది. రాళ్ళ మీద తెల్లని మొటిమల్లాంటివి కూడా ఉన్నాయి. అవీ ప్రాణులే. నీళ్ళు పోగానే తలుపు మూసుకుంటాయి. పోటు వచ్చినప్పుడు తెరిచి, ఈకల్లాంటి కాళ్ళతో తిండి వడకట్టుకుంటాయి.

మనుమరాలు ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి, నడిచే గుల్లలు నాలుగు వేసింది. ఇంటికి తీసుకుపోయి బడిలో చూపించాలని ఆమె ఆశ. జాలరి చూశాడు.

"సీసాలో నీరు వేడెక్కిపోద్ది పాపా. గాలి కూడా చాలదు. రైలెక్కే లోపే చచ్చిపోతాయి" అన్నాడు.

ఆ పిల్ల చాలాసేపు సీసా వంక చూసింది. ఇవ్వబుద్ధి కాలేదు. చివరికి తీసిన గుంటలోనే వాటిని వదిలింది. ఒక గుంటలోవి ఇంకో గుంటలో వేయకూడదు. రాయి ఎత్తి చూస్తే, మళ్ళీ ఎట్లా ఉన్నదో అట్లాగే పెట్టాలి. దాని కింద బతికేవాటికి ఎండ తగిలితే చావే. ఇంకో మాట. అందమైన చారలు, చుక్కలు ఉండి, ఒక వైపు సన్నగా ఉండే నత్తగుల్లను చేతితో పట్టుకోకూడదు. వాటిలో కొన్ని సూదితో కుట్టి విషం ఎక్కిస్తాయి. కొన్ని రకాల విషానికి మనుషులు కూడా చనిపోతారు.

ఇంతలో నాలుగున్నర అయ్యింది. ఇద్దరు ఆడవాళ్ళు దూరంగా ఉన్న రాయి మీద కూర్చొని ముచ్చట పెడుతున్నారు. "అమ్మా, ఇటు వచ్చేయండి! పోటు మొదలైంది" అని జాలరి కేక వేశాడు. వాళ్ళు కూర్చున్న రాయి ఇంకా పొడిగానే ఉంది. కాని వాళ్ళ వెనక ఉన్న పల్లంలోకి అప్పటికే నీళ్ళు వచ్చాయి. మోకాలి లోతులో, చేతులు పట్టుకొని బయటపడ్డారు. ఇంకో అరగంట ఆగితే ఏమయ్యేదో! సముద్రం ముందు నుంచే వస్తుందని అనుకుంటాం. రాళ్ళ మీద ఉన్నవాళ్ళకు అది వెనక నుంచి వస్తుంది. పాచి పట్టిన రాయి మీద పరుగెత్తడం కూడా కుదరదు.

"నీకు టైము ఎట్ల తెలుస్తది నాయనా?" అని అవ్వ అడిగింది.

జాలరి ఆకాశం వైపు చూపించాడు. చంద్రుడు సముద్రపు నీటిని లాగుతాడు. సూర్యుడూ లాగుతాడు. పున్నమికి, అమావాస్యకు ఇద్దరి లాగుడూ కలుస్తుంది. అందుకే ఆ రోజుల్లో పోటు పెద్దది, ఆటూ పెద్దదే. విశాఖ దగ్గర అప్పుడు నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి దగ్గర తేడా తగ్గుతుంది. గుంటలు చూడాలంటే పున్నమి, అమావాస్య రోజులే మంచివి. జాగ్రత్తగా ఉండవలసిన రోజులూ అవే. శివరాత్రి అమావాస్యకు ముందు చతుర్దశి నాడు వస్తుంది. పండుగకు వచ్చి సముద్ర స్నానం చేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గుజరాత్‌లో కావి కంబోయి అనే ఊళ్ళో స్తంభేశ్వర్ మహాదేవ్ గుడి ఉంది. అక్కడ పోటు ఎంత పెద్దదంటే, శివలింగం నీళ్ళలో మునిగిపోతుంది. నీళ్ళు తీశాకే దర్శనం. భక్తులు ఆటు వేళ అడిగి తెలుసుకొని పోతారు.

పున్నమి తర్వాత చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా వస్తాడు. రాత్రి చేనుకు కావలి పోయినవాళ్ళకు ఇది తెలిసిందే. ఆటుపోట్లు కూడా అట్లాగే రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి.

లెక్క కట్టండి: ఇవాళ ఆటు మధ్యాహ్నం 3 గంటలకు వచ్చింది. రేపు ఎన్ని గంటలకు వస్తుంది? ఎల్లుండి ఎన్ని గంటలకు?