గేటు లోపలి రోడ్డు

ఖరగ్‌పూర్‌లో వాహన రుణాల సీటులో కూర్చుంటే ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. స్కూటర్ లోను కోసం వచ్చిన తండ్రి సంతకాలన్నీ పెట్టేశాక, వెళ్లబోతూ అడుగుతాడు: "మా వాడు క్యాంపస్ లోపలే తిప్పుతాడండీ, బయటికి తీయడు. లైసెన్సు ఇప్పుడే తీయించాలా?" రైల్వే వర్క్‌షాపు కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్లూ అడుగుతారు, మన బ్యాంకు క్వార్టర్స్‌లోని వాళ్లూ అడుగుతారు. బదిలీల మీద తిరిగే మనలో చాలామంది పిల్లలు ఏదో ఒక యూనివర్సిటీ ఆవరణలో చదువుతున్నారు కాబట్టి, ఈ ప్రశ్నకి జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఇక్కడి పరిస్థితి. ఐఐటీ ఖరగ్‌పూర్ 1951లో హిజ్లీలో, బ్రిటిష్ కాలపు నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. ఆవరణ సుమారు 2,100 ఎకరాలు. లోపల క్వార్టర్లు, బడులు, ఆస్పత్రి, పోస్టాఫీసు, బ్యాంకులు, టెక్ మార్కెట్ దుకాణాలు ఉన్నాయి. అంటే అదొక చిన్న ఊరు. హాళ్లలో ఉండే విద్యార్థులకు మోటారు బండ్లు పెట్టుకునే అనుమతి లేదు. వాళ్ల బండి సైకిలే. క్లాసులు మారే వేళ రోడ్డు నిండా సైకిళ్లే కనిపిస్తాయి. మరి మోటారు బండ్లు ఎవరివి? ఉద్యోగులవి, వాళ్ల ఇంటివాళ్లవి, సరుకు తెచ్చేవాళ్లవి, పిల్లల్ని చూడడానికి వచ్చే మనలాంటి వాళ్లవి. ఢీకొంటే దెబ్బ తగిలేది సైకిల్ మీద ఉన్నవాడికి. కేసు పడేది బండి యజమాని మీద.

ఇప్పుడు చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలో లైసెన్సు, బీమా, హెల్మెట్ వంటి నిబంధనలన్నీ 'బహిరంగ స్థలం' అనే మాట చుట్టూ తిరుగుతాయి. ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న రోడ్డు, దారి, చోటు ఏదైనా బహిరంగ స్థలమేనని 2వ సెక్షన్ చెబుతుంది. గేటు, కాపలా ఉన్న క్యాంపస్ అందులోకి వస్తుందా? వాదన అంతా ఇక్కడే.

మన విశాఖపట్నానికి చెందిన ఒక కేసు దీని మీద 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టీల్ ప్లాంట్ ప్రహరీ లోపల, సెంట్రల్ డిస్పాచ్ యార్డులో మాత్రమే తిరిగిన 36 లారీలకు మోటారు వాహన పన్ను కట్టాలా అన్నది ప్రశ్న. చుట్టూ గోడ ఉంది, గేట్ల దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఉంది, సామాన్యుడు లోపలికి పోలేడు. కాబట్టి అది బహిరంగ స్థలం కాదు, ఆ కాలానికి పన్ను అక్కర్లేదని ఆగస్టు 29న కోర్టు తేల్చింది. ఈ వార్త చూసి మా దగ్గర ఒకరిద్దరు "చూశారా, గేటు లోపల చట్టం లేదన్నమాట" అన్నారు. అంత తొందరపడకూడదు. అది పన్ను కేసు. పైగా మామూలు జనం అడుగు పెట్టలేని యార్డు.

ప్రమాద పరిహారం కేసుల్లో గాలి వేరే వైపు వీచింది. ప్రజలు ఏ కారణంతో వచ్చినా, అనుమతి తీసుకుని వచ్చినా, వాళ్లు వచ్చిపోయే చోటు బహిరంగ స్థలమేనని బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం 1980లలోనే చెప్పింది. దెబ్బ తిన్నవాడికి బీమా అందాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. బజారు, బ్యాంకు, ఆస్పత్రి ఉండి, రోజూ బయటివాళ్లు వచ్చిపోయే యూనివర్సిటీ ఆవరణ ఈ రెండింటిలో దేనికి దగ్గర? నా దృష్టిలో రెండోదానికే. కోర్టులో రేపు ఏ పక్షం గెలుస్తుందో ఊహించి ఇవాళ బండి తీయడం తెలివైన పని కాదు. చట్టం వర్తిస్తుందనుకుని నడిపితే పోయేదేమీ లేదు. వర్తించదనుకుని నడిపితే పోయేది చాలా ఉంది. ఆ పోయేదేమిటో కాస్త లెక్క చూద్దాం.

18 నిండనివాడికి మామూలు స్కూటర్ లైసెన్సు రాదు. 16 నిండితే 50 సీసీ లోపు బండికి ఇస్తారు గానీ, ఇప్పుడు షోరూముల్లో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైమాటే. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "నాకు తెలియకుండా తీశాడు" అని చెప్పొచ్చు, కానీ దాన్ని రుజువు చేసుకోవాల్సింది మనమే. తాళం చెవి ఫ్రిజ్ మీద గిన్నెలో పడేసే ఇళ్లలో ఆ రుజువు ఎక్కడిది? లైసెన్సు లేని పెద్దవాళ్లకి బండి ఇచ్చినా యజమానికి 180వ సెక్షన్ కింద 5,000 జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. బండి నడిపినవాడికి లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ బాధితుడికి పరిహారం చెల్లించి, ఆ సొమ్ము యజమాని నుంచి వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశించడం మామూలే. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారిని స్పష్టం చేసింది. చదువుకునే కుర్రవాడికి శాశ్వత వైకల్యం వస్తే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఆ లక్షలు జీతం మీదకి వస్తాయి.

ఇంకొకటి, మన సిబ్బందికే ఎక్కువగా జరిగేది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. అయిదేళ్లు అయ్యేసరికి ఆ తేదీ ఎవరికీ గుర్తుండదు. లోను కూడా అప్పటికి తీరిపోయి ఉంటుంది, గుర్తుచేయడానికి బ్యాంకు వైపు నుంచి ఎవరూ ఉండరు. పాలసీ ముగిసిన బండి క్యాంపస్‌లో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్లి ఆ కాగితం ఒకసారి తీసి చూడండి.

"లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ బండి" అని అమ్మేవి కూడా ఇప్పుడు బాగా వచ్చాయి. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని తేలికపాటి బండికే ఆ మినహాయింపు. కొన్నాక మెకానిక్ చేత వేగం పెంచిస్తే అది మామూలు మోటారు వాహనమే అవుతుంది.

పార్కింగ్ దగ్గర మనవాళ్లకి వచ్చే సందేహం వేరు. సెక్యూరిటీ వాళ్లు చక్రానికి తాళం వేస్తే "వీళ్లకి ఏం అధికారం" అని వాదనకు దిగుతారు. చట్టం కింద చలానా రాసే అధికారం పోలీసులకు, రవాణా శాఖ అధికారులకు ఉంది, నిజమే. కానీ స్థలం సంస్థది. విద్యార్థి చేరేటప్పుడు, ఉద్యోగి క్వార్టర్ తీసుకునేటప్పుడు, బయటివాళ్లు గేటు దగ్గర పాసు రాయించుకునేటప్పుడు ఆ సంస్థ నియమాలకు ఒప్పుకునే లోపలికి వస్తారు. అంటే మన మీద రెండు రకాల నియమాలు ఉంటాయి. సంస్థకు జరిమానా కట్టినంత మాత్రాన పోలీసు కేసు పోదు.

ఎక్కడ ఆపకూడదో 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. ఫుట్‌పాత్, సైకిల్ దారి, మనుషులు రోడ్డు దాటే గీతలు, కూడళ్ల దగ్గర, ఎవరి గేటుకైనా అడ్డంగా. క్యాంపస్‌లో వీటిలో సైకిల్ దారే అన్నింటికన్నా ముఖ్యం. కారు అక్కడ ఆపితే సైకిళ్లన్నీ నడిరోడ్డు మీదకి మళ్లుతాయి. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు హాలు గుమ్మం ముందే కారు ఆపి, పెట్టెలు దించుతూ అరగంట నిలబెడతారు. దించి, కారు తీసుకెళ్లి పార్కింగ్‌లో పెట్టి, నడిచి రావడమే పద్ధతి. ఆపాక తలుపు తీసేటప్పుడు డ్రైవర్ కుడి తలుపును ఎడమ చేత్తో తీస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది. వెనక నుంచి వచ్చే సైకిల్ కనబడుతుంది. మా ఇంట్లో అందరికీ ఇది అలవాటు చేశాను.

వేగం గురించి ఒక చిన్న లెక్క. మనిషి తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి పొడి రోడ్డు మీద సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. 40లో ఉంటే 23 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే, ఆగే దూరం రెండున్నర రెట్లు దాటిపోయింది. చెట్ల నీడలో, వీధిదీపం చాలని రాత్రి, లైటు లేని సైకిల్ 9 మీటర్ల ముందు కనబడడమే గొప్ప. క్యాంపస్‌లలో వేగ పరిమితి బోర్డు మీద చిన్న అంకె ఎందుకు ఉంటుందో ఈ లెక్కలోనే ఉంది.

చివరగా బదిలీ అయినవాళ్ల మాట. ఆంధ్రా, తెలంగాణ నంబరు బండిని బెంగాల్‌లో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. పాత ఆర్‌టీవో నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, లోను ఉంటే బ్యాంకు సమ్మతి కూడా కావాలి. గేటు స్టిక్కర్ కోసం ఆర్‌సీ అడిగినప్పుడు చాలామందికి ఈ సంగతి మొదటిసారి తెలుస్తుంది. 2021 సెప్టెంబరు 15 నుంచి వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరుకు ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగులు అర్హులు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. పన్ను రెండేళ్లకోసారి కడతారు, రాష్ట్రం మారినప్పుడు నంబరు మార్చనక్కర్లేదు. పాత బండిని కూడా ఈ సిరీస్‌లోకి మార్చుకునే వీలు 2022 చివర్లో కల్పించారు. బండి మాత్రం ఉద్యోగి పేరు మీదే ఉండాలి. పిల్లవాడి పేరు మీద కొన్నదానికి ఇది రాదు.