కారు బొమ్మలో మ్యాథ్స్ ఎక్కడుంది?



ఈ నెల తెలుగు పేజీ మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ వంతు. యూనిట్ టెస్ట్‌లకి రివిజన్ ఎలా చేయించాలో రాద్దామనుకున్నాను. పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో జరిగిన ఒక సంగతి వల్ల ఆ ఆలోచన పక్కన పెట్టి, అరవై డెబ్బై ఏళ్ల కిందటి యూరప్ స్పోర్ట్స్ కార్ల గురించి రాస్తున్నాను. సిలబస్‌లో లేని విషయం అనుకోకండి. కాస్త ఓపిక పడితే ఇంటర్ సెకండియర్ దీర్ఘవృత్తం దాకా వెళ్తాం.

తొమ్మిదో తరగతిలో ఒక బాబు ఉన్నాడు. వాడి రఫ్ నోట్స్ ముందు నుంచి తిప్పితే లెక్కలు, వెనక నుంచి తిప్పితే కార్లు. ఒకరోజు నేను బోర్డు మీద లెక్క చేస్తుంటే వాడు బానెట్ గీస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. నోట్స్ తీసుకుని స్టాఫ్‌రూమ్ డ్రాయర్‌లో పడేశాను. మీటింగ్ రోజు వాళ్ల నాన్నగారు వచ్చారు. ఆయనకి కార్ల టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. గోళ్ల సందుల్లో ఇంకా పుట్టీ ఉంది. "మేడమ్, ఆ పుస్తకం మాకు ఇవ్వకండి, చించేయండి. నా చేతులు చూశారు కదా. వాడి చేతులు ఇలా కాకూడదనే ఇక్కడ చేర్పించాను" అన్నారు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. "సరేనండి, చూస్తాను" అని పంపేశాను. ఆ సాయంత్రం నోట్స్ తెరిచి నిజంగానే చూశాను. అన్నీ పాత కార్లే. జాగ్వార్ ఈ-టైప్, మెర్సిడెస్ 300 ఎస్ఎల్, పోర్షా 911. ఎక్కడ చూశాడో గానీ, బానెట్ మీద ఉబ్బుతో సహా గీశాడు. వాటి గురించి చదవడం అలా మొదలుపెట్టాను.

ముందు మెర్సిడెస్ సంగతి చెబుతాను. దాని తలుపులు పక్కకి కాకుండా పైకి తెరుచుకుంటాయి. రెండూ తెరిస్తే రెక్కలు చాపిన సముద్రపు కొంగలా ఉంటుంది. గల్‌వింగ్ అనే పేరు అందుకే వచ్చింది. చూసేవాళ్లకి అది హంగు కోసం పెట్టినట్టు అనిపిస్తుంది. అసలు కారణం వేరు. 1952లో మెర్సిడెస్ కంపెనీ రేసుల కోసం ఒక కారు చేసింది. ఇంజినీరు రుడాల్ఫ్ ఊలెన్‌హాట్ దాని బరువు తగ్గించాలని, సన్నటి ఉక్కు గొట్టాలని త్రిభుజాలుగా అతికించి చట్రం కట్టాడు. ఆ రేసు కారు చట్రం మొత్తం బరువు సుమారు 50 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు. త్రిభుజమే ఎందుకు? ఇంట్లో నాలుగు చీపురు పుల్లల్ని చివర్లు దారంతో కట్టి చతురస్రం చేయండి. వేలితో నెడితే ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నెట్టండి, కదలదు. రైల్వే బ్రిడ్జి గడ్డర్లలో అన్ని త్రిభుజాలు కనిపించేది అందుకే.

అయితే ఆ గొట్టాలు కారు పక్కల్లో, మనం మామూలుగా కాలు పెట్టి ఎక్కే చోట, చాలా ఎత్తుగా వచ్చాయి. అక్కడ మామూలు తలుపుకి చోటు లేదు. గొట్టాలు కోస్తే చట్రం బలం పోతుంది. ఇక మిగిలింది పైకప్పే, కాబట్టి కీలు అక్కడ పెట్టారు. ఆ ఏడాదే ఆ కారు లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. 1954లో న్యూయార్క్ షోలో రోడ్డు మీద నడిపే కారుగా వచ్చినప్పుడు కూడా తలుపులు అలాగే ఉన్నాయి. బానెట్ ఎత్తు పెరగకుండా ఇంజన్‌ని ఒక పక్కకి వాల్చి పెట్టారు. లోపలికి దూరడానికి స్టీరింగ్ వీల్ మడత పడేలా చేశారు. 1957 వరకు 1,400 చేశారు. ఒక్క మాట, ఆ తలుపు అద్దాలు కిందికి దిగవు. మన మే నెలలో ఆ కారులో కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి!

పోర్షా సంగతి చిన్నదే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పింది. దాంతో 911 అయింది. పిల్లలకి చెబితే పడి పడి నవ్వారు.

ఇప్పుడు ఆ బాబు గీసిన బానెట్ దగ్గరికి వద్దాం. జాగ్వార్ ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవాలో మొదటిసారి జనం ముందుకి వచ్చింది. అక్కడ పెట్టిన కూపేని ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి రాత్రంతా నడుపుకుంటూ తెచ్చారు. చూసినవాళ్లందరూ నడిపి చూస్తామని ఎగబడితే, ఇంకో కారుని ఇంకో డ్రైవరు మళ్లీ రాత్రికి రాత్రే తేవాల్సి వచ్చింది. 1996లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఒక ఈ-టైప్‌ని తన సేకరణలో చేర్చుకుంది. పెయింటింగ్‌లు, శిల్పాలు పెట్టే చోట కారు!

దాని ఆకారం ఇచ్చిన మనిషి పేరు మాల్కం సేయర్. అంతకుముందు విమానాల కంపెనీలో పనిచేశాడు. తనని స్టైలిస్ట్ అంటే ఆయనకి నచ్చేది కాదు. కంపెనీ స్థాపకుడు విలియం లయన్స్ పద్ధతి కంటితో చూసి చెప్పడం. కారంత నమూనా చేయించి, వెలుతురులో నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి, ఇక్కడ తగ్గించండి, అక్కడ పెంచండి అనేవాడు. సేయర్ పద్ధతి లెక్క. లాగరిథం పట్టికలు, స్లైడ్ రూల్ దగ్గర పెట్టుకుని, కారు పొడవునా ఒక్కో చోట ఎత్తు ఎంత ఉండాలో, వెడల్పు ఎంత ఉండాలో అంకెల్లో కట్టేవాడు. ఆ అంకెలన్నీ కలిపితే గీత వస్తుంది. అందులో దీర్ఘవృత్తం వంటి వంపులే ఎక్కువ. ఆ బానెట్ మధ్యలో ఉన్న ఉబ్బు కూడా సోకు కోసం కాదు. కింద ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్ ఎత్తైనది, దానికి చోటు కావాలి.

దీన్ని ఇంట్లో చేసి చూడొచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అట్ట మీద తెల్ల కాగితం పెట్టి, 8 సెంటీమీటర్ల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చండి. ముడి వేశాక చుట్టుకొలత సరిగ్గా 18 సెంటీమీటర్లు ఉండేలా దారంతో ఉచ్చు కట్టి, రెండు సూదుల చుట్టూ వేయండి. పెన్సిల్ మొనతో దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుని ఒక చుట్టు తిప్పండి. 10 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘవృత్తం వస్తుంది. పెన్సిల్ ఎక్కడున్నా రెండు సూదుల నుంచి దాని దూరాలు కలిపితే 10 సెంటీమీటర్లే. ఇంటర్‌లో పిల్లలు బట్టీ పట్టే నిర్వచనం ఇదే.

ఇప్పుడు పై సగం తీసుకోండి. మధ్యలో ఎత్తు 3 సెంటీమీటర్లు. మధ్య నుంచి 3 సెంటీమీటర్లు పక్కకి జరిగితే ఎత్తు 2.4. నాలుగు జరిగితే 1.8. ఐదు జరిగితే సున్నా. స్కేలుతో కొలిచి చూసుకోండి. మొదటి 3 సెంటీమీటర్లలో గీత దిగింది 6 మిల్లీమీటర్లే. తర్వాతి ఒక్క సెంటీమీటరులో ఇంకో 6. ఆఖరి సెంటీమీటరులో ఏకంగా 18. దిగే వేగం పెరుగుతూ పోయింది, కానీ ఎక్కడా కుదుపు లేదు. కంటికి హాయిగా ఉండేది ఆ కుదుపు లేకపోవడమే అని నాకనిపిస్తుంది. కంపాస్‌తో పావు వృత్తం గీసి దానికి స్కేలుతో తిన్నని గీత అతికించి చూడండి. కోణం కనిపించదు, అయినా కలిసిన చోట ఏదో తేడాగా ఉంటుంది. అక్కడ వంపు ఒక్కసారిగా ఆగిపోయింది మరి.

ఈ మాట సరిగ్గా చెప్పానా లేదా అని అనుమానం వచ్చి, ఆ బాబు వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన ముందు కంగారుపడ్డారు, మళ్లీ ఏం చేశాడో అని. సంగతి చెప్పాక నవ్వి, "అది మాకు రోజూ పనే కదా మేడమ్. డెంట్ తీసి పుట్టీ పెట్టి అరగదీశాక చేత్తో తడిమి చూస్తాం. రంగు వేశాక ట్యూబ్‌లైట్ కింద నిలబెడతాం. లైటు నీడ తలుపు మీద తిన్నగా జారితే పని అయినట్టు. ఎక్కడైనా వంకర తిరిగిందంటే మళ్లీ మొదటికి రావాల్సిందే" అన్నారు. బీఎడ్‌లో నాకెవరూ చెప్పని పాఠం అది. పెద్ద కార్ల కంపెనీల్లో కూడా ఇంతే, వరసగా లైటు చారలు పడేలా చేసి రేకు నునుపు పరీక్షిస్తారు. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీదో, బైకు ట్యాంకు మీదో పిల్లలతో చూపించి అడగండి, లైటు గీత ఎక్కడ వంగుతోందని.

ఆయనకి నేను ఇంకో మనిషి గురించి చెప్పాను. ఇటలీలో సెర్జియో స్కాలియెట్టి అని ఒకాయన ఉండేవాడు. కారు బాడీలు రిపేరు చేసే షెడ్డుతో మొదలుపెట్టాడు. తర్వాత ఫెరారీ కార్లకి బాడీలు చేశాడు. అల్యూమినియం రేకుని ఇసుక సంచి మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తేవడం ఆయన పద్ధతి. 1962 నుంచి 1964 మధ్య వచ్చిన ఫెరారీ 250 జీటీఓలు మొత్తం 36. చేత్తో కొట్టినవి కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఈ రోజు ప్రపంచంలో అత్యంత ఖరీదైన కార్లలో అవి ఉన్నాయి. ఫోన్‌లో కాసేపు మాట లేదు. తర్వాత "ఇసుక సంచి మీదా?" అని అడిగారు.

ఈ కార్ల గురించి మంచే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఎయిర్‌బ్యాగ్ అన్న మాటే లేని రోజులవి. 1955లో లె మాన్ రేసులో ఒక మెర్సిడెస్ కారు ఎగిరి ప్రేక్షకుల మీద పడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది ముగిశాక ఆ కంపెనీ చాలా ఏళ్లపాటు రేసులకి దూరంగా ఉంది. క్లాసులో ఇది కూడా చెప్పాను. అంత నునుపుగా కనిపించే ఈ-టైప్ గాలిని చీల్చడంలో కూడా నేటి మామూలు ఫ్యామిలీ కారు కంటే వెనకే. కంటికి నచ్చిందల్లా లెక్కకి నిలవదు.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. సేయర్ చేత్తో కట్టిన లెక్కల్ని కంప్యూటర్‌తో ఎలా కట్టాలా అని ఫ్రాన్స్‌లో ఇద్దరు ఆలోచించారు. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, రెనో కంపెనీలో పియర్ బెజియే. కొన్ని బిందువులు ఇస్తే చాలు, వాటిని ఆధారం చేసుకుని నునుపైన వంపు గీసే పద్ధతి అది. ముందు కనిపెట్టింది సిట్రోయెన్ మనిషి, కానీ కంపెనీ బయటికి చెప్పనివ్వలేదు. రెనో మనిషి ప్రచురించాడు, పేరు ఆయనకి దక్కింది. అందుకే వాటిని బెజియే వంపులు అంటారు. కారు రేకుల కోసం పుట్టిన ఆ లెక్కే ఇప్పుడు కంప్యూటర్ ఫాంట్లలో ఉంది. మీరు చదువుతున్న ఈ పేజీలో ప్రతి "ఠ", ప్రతి "ల", ప్రతి సున్నా అలాంటి వంపులతో గీసినవే. మన లిపి అంతా గుండ్రాలే కాబట్టి, ఆ వంపులతో మనకి పని ఎక్కువే.

నోట్స్ సంగతి అడుగుతారేమో. తిరిగి ఇచ్చేశాను. క్లాసులో బొమ్మలు వేయకూడదు, ఇంటి దగ్గర వేసిన ప్రతి కారుకీ ఒక వంపుకి కొలతలు రాసి తేవాలి, అని షరతు పెట్టాను. మొదటి వారం తెచ్చిన దాంట్లో రెండు కొలతలు తప్పు. సరిచేసి మళ్లీ తెచ్చాడు. ఫౌండేషన్ టెస్ట్‌లో మార్కులు దీనివల్ల పెరుగుతాయని వాళ్ల నాన్నగారికి నేను మాట ఇవ్వలేదు. ఆయన కూడా షెడ్డు వైపు వాడిని రానిస్తానని అనలేదు. ఆ విషయంలో ఆయన భయం ఆయనది, కాదనడానికి నేనెవరిని?

పోయిన శనివారం బాబుని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గర ఆ నోట్స్ తెరిచి, గల్‌వింగ్ బొమ్మ కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "తలుపు ఇలా పైకి లేస్తే పక్క బండిని ఆనించి పెట్టుకోవచ్చు. మా షెడ్డులో రెండు బళ్ల చోటు మిగిలేది" అన్నారు. బాబు వెంటనే పెన్సిల్ తీసి, తలుపు తెరవడానికి పక్కన ఎంత జాగా కావాలో కొలత వేయడం మొదలుపెట్టాడు.