నెలకు 43 నిమిషాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఊళ్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: "కరెంటు ఎప్పుడొస్తాదో ఏటో!" వేరే జిల్లాల నుంచి కూడా లైన్‌మెన్లు వచ్చి, స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగారు.

ప్లేస్‌మెంట్ల సీజన్లో మనకు డెవలపర్ ఉద్యోగం ఒక్కటే కనిపిస్తుంది. కానీ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ ఇలాంటి లైన్‌మెన్లుంటారు. వాళ్లే సైట్ రిలయబిలిటీ ఇంజినీర్లు, పొట్టిగా ఎస్ఆర్ఈలు. 2003లో గూగుల్‌లో బెన్ ట్రైనర్ స్లాస్ ఈ పద్ధతి మొదలుపెట్టాడు. సర్వర్లు నడిపే పనిని ప్రోగ్రాములు రాసేవాళ్లకే అప్పగిస్తే ఎలా ఉంటుంది అన్నదే ఆయన ఆలోచన. రోజూ చేత్తో చేసిందే చేయాలంటే ప్రోగ్రామర్‌కి విసుగు కదా! ఆ పని చేసిపెట్టే కోడ్ రాసేస్తాడు.

ఇప్పుడు అసలు పాఠం. "మా సైట్ ఎప్పటికీ ఆగదు" అని ఏ ఎస్ఆర్ఈ మాటివ్వరు. ఎంతసేపు ఆగినా తట్టుకోగలమో ముందే రాసుకుంటారు. 30 రోజులంటే 43,200 నిమిషాలు. అందులో సైట్ ఎంతసేపు ఆగొచ్చంటే:

99 శాతం లక్ష్యమైతే 432 నిమిషాలు.
99.9 శాతమైతే 43.2 నిమిషాలు.
99.99 శాతమైతే 4.32 నిమిషాలు.

దీన్నే ఎర్రర్ బడ్జెట్ అంటారు. బడ్జెట్ మిగిలుంటే కొత్త ఫీచర్లు ధైర్యంగా వదలొచ్చు. ఖర్చయిపోతే కొత్తవి ఆపి, ఉన్నదాన్ని గట్టిచేయాలి. "తొందరగా వదులుదాం" అనే డెవలపర్‌కీ, "ఆగండి బాబూ" అనే ఎస్ఆర్ఈకీ మధ్య తగువు తీర్చేది ఈ అంకే.

చివరి వరస మళ్లీ చూడండి. అర్ధరాత్రి ఫోన్ మోగి, కళ్లు నులుముకుని ల్యాప్‌టాప్ తెరిచేసరికే నాలుగు నిమిషాలు దాటిపోతాయి. అంటే అక్కడ మనిషి వేగం సరిపోదు. సిస్టమ్ తనంతట తానే కోలుకునేలా కట్టాలి. ఒక్కో తొమ్మిది పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. అందుకే అవసరం లేనిచోట తొమ్మిదులు పెంచుకోరు.

సైట్ మళ్లీ లేచాక పోస్ట్‌మార్టం రాస్తారు. అందులో "ఎవరు చేశారు?" అని అడగరు, "ఎలా జరిగింది, మళ్లీ జరగకుండా ఏం మార్చాలి?" అని అడుగుతారు. తిట్లు పడతాయని భయపడేవాడు నిజం దాస్తాడు. నిజం తెలియకపోతే అదే తప్పు మళ్లీ జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. తిట్టుకుంటూ కూర్చుంటే గాలి తగ్గదు, తీగ దారి మారిస్తేనే ఫలితం.

చివరగా ఒక చిన్న అభ్యాసం. మన ఫెస్ట్ రిజిస్ట్రేషన్ పేజీ 10 రోజులు నడవాలి, లక్ష్యం 99.9 శాతం. ఎన్ని నిమిషాలు ఆగొచ్చు? లెక్కకట్టండి. 14.4 వస్తే సరే. ఇక రెండో ప్రశ్న: రాత్రి రెండింటికి పేజీ ఆగితే ఎవరి ఫోన్ మోగాలి? ఆ పేరు ఈరోజే రాసి పెట్టుకోండి.